స్వీయముద్ర కోసం అన్వేషణ

చిత్రకారుడు తాను చూచిన వస్తువును గీస్తాడు. మరి తనను తాను గీసుకొనడమెట్లా? అద్దం ముందు కూర్చుండి ముఖం చిత్రించుకొనడం ఒక పద్ధతి. 1910 ప్రాంతంలో కాండిన్‌స్కీ మొదలైన ఐరోపా చిత్రకారులు వేరొక మార్గం తొక్కారు. చెట్టు, మనిషి, ఇల్లు వంటి రూపాలను విడిచి, రంగు, రేఖ, వాటి నడుమ ఖాళీ - వీటితోనే చిత్రాన్ని నిర్మించారు. ఇదే నైరూప్య చిత్రకళ. వస్తువు తొలగిపోగా మిగిలేది గీసిన చేయి. అది ఏ రంగును ఎంచుకొన్నది, ఎక్కడ ఒత్తింది, ఎక్కడ ఆగింది అన్నవే ఆ వ్యక్తిని పట్టి ఇస్తాయి. ‘అర్థం కాని బొమ్మ’ అని నవ్వి ఊరుకొనేవారు ఈ సంగతి గమనించరు.

తెలుగువారిలో ఈ మార్గాన నడచినవారున్నారు. 1936లో గుడివాడలో జన్మించిన ఎస్.వి. రామారావు లండన్‌లో చదివి, అమెరికాలో స్థిరపడి, నైరూప్య చిత్రాలతోనే పేరు గడించాడు. 2001లో పద్మశ్రీ పొందాడు. అయితే ‘నా గీత ఏది?’ అన్న ప్రశ్న అంతకు ముందే, గోదావరి ఒడ్డున, మరొక రామారావును వేధించింది.

దామెర్ల రామారావు 1897లో రాజమహేంద్రవరంలో జన్మించాడు. అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించాడు. కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు; అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. ఆ ప్రోత్సాహంతో దామెర్ల బొంబాయిలోని జె.జె. కళాశాలలో చేరాడు. అక్కడ నేర్పేది పాశ్చాత్య పద్ధతి: దేహనిర్మాణం, వెలుగునీడలు, తైలవర్ణాలు. అదే కాలంలో కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరు అనుయాయులు కాగితాన్ని నీట తడిపి, పలుచని రంగులను పొరలు పొరలుగా వేసే పద్ధతిని దేశీయ కళగా ప్రతిపాదిస్తున్నారు. ప్రమోదకుమార్ ఛటర్జీ ద్వారా ఆ గాలి బందరు జాతీయ కళాశాలకూ వీచింది. ఏదో ఒకదానిలో చేరిపోతే గురువులకూ మెచ్చేవారికీ కొరత ఉండదు. కాని చేరిపోయినవాని గీత ఎవరిది?

దామెర్ల రెండింటినీ చూచాడు, దేనిలోనూ కరిగిపోలేదు. బొంబాయి నేర్పిన దేహనిర్మాణ జ్ఞానాన్ని వదలలేదు. దానిని అజంతా తరహా సాగే రేఖకు లోబరిచాడు. ‘సిద్ధార్థ రాగోదయం’, ‘పుష్పాలంకరణ’ వంటి చిత్రాలలోని కథను క్షణకాలం మరచి చూడండి. భుజాల వాలు, నడుముల ఒంపు, చీర అంచుల మలుపు ఒక దాని నుండి మరొక దానికి ప్రవహిస్తాయి. ఆయన నైరూప్య చిత్రకారుడు కాడు, ఆకృతిని ఎన్నడూ విడువలేదు. అయినా రేఖ తన బలంతో తానే పలుకుతుందని ఎరిగిన చేయి అది.

బొంబాయిలో నిలిచిపోక ఆయన స్వస్థలానికి తిరిగి వచ్చి చిత్రకళాశాల నెలకొల్పాడు. ‘ఆంధ్ర’ అన్న పేరుతో కళాసంఘాన్ని స్థాపించాడు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడినది 1953లో. ఆనాడు ఇది మద్రాసు రాజధానిలో ఒక భాగం మాత్రమే. ఒక చిత్రకారుని వ్యక్తిగత అన్వేషణ, ఒక జాతి తనకు పేరు వెదకుకొనడం ఆ చిన్న పాఠశాలలో కలిసిపోయాయి. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. ఆ రోజులలో ఇది చిన్న విషయం కాదు.

1925లో మశూచి సోకి దామెర్ల మరణించాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లయినా నిండలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం పాఠశాల బాధ్యతను తలకెత్తుకొన్నాడు. మిగిలిన చిత్రాలకు రాజమహేంద్రవరంలో దామెర్ల పేరుతోనే ఒక చిత్రశాల వెలసింది.