పరీక్షల దిగులుతో అన్నం మానేస్తోంది!

ప్రశ్న: మాది గురజాల దగ్గర పల్లె. మా అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి. బడిలో వీడ్కోలు సభ జరిగిన దగ్గర్నుంచి సరిగా తినడం లేదు, నిద్రపోవడం లేదు. ‘ఫెయిలైతే ఎలాగమ్మా’ అని ఏడుస్తోంది. ఏం చేయాలి?
- ఒక తల్లి

జవాబు: పరీక్షల భయానికి స్నేహితులను విడిచిపోతున్న దిగులూ తోడైందమ్మా. ముందు తనను మనసారా మాట్లాడనివ్వండి. పక్కింటి పిల్లలతో పోల్చకండి. ఒకవేళ తప్పినా ఈ వేసవిలోనే సప్లిమెంటరీ రాయొచ్చని ఇప్పుడే ధైర్యం చెప్పండి.

మార్చి అంటే మన పల్నాడులో మిరప కోతల హడావుడి. పరీక్షలయ్యేదాకా తనను చేలోకి, కళ్లంలోకి పిలవకండి. రాత్రి పదింటికల్లా పడుకోమనండి. నిద్ర చాలకపోతే చదివింది గుర్తుండదు. పొద్దున ఏదైనా తినిపించి, నీళ్ల సీసా ఇచ్చి పంపండి. క్లాస్ టీచరుకూ విషయం చెప్పండి.

రెండు వారాలైనా తగ్గకపోతే ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. ‘బతకాలని లేదు’ వంటి మాట వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలకండి, పురుగుమందులు తాళం వేసి ఉంచండి, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫలితాలొచ్చే రోజు మాత్రం పనులు మానుకొనైనా తన పక్కనే ఉండండి.