నిలిచి ఉన్న బండి సంరక్షణ

యంత్రము వాడుకవలన అరుగుతుందని అందరూ ఎరుగుదురు. వాడకపోవుటవలన కూడా అది చెడుతుందన్న సత్యమును గమనించువారు కొద్దిమంది. ఈ రెండవ సత్యమును విద్యార్థులకు వివరించుటకై, చెడిపోయిన వాహనములను ఎత్తి లాగుకొనిపోయే లారీని మేము ఉదాహరణగా గ్రహించుచున్నాము. దీనిని మన ప్రాంతములో కొందరు క్రేన్ అనియు, కొందరు టోయింగ్ బండి అనియు పిలుతురు.

అమెరికాలోని చాటనూగా నగరమునకు చెందిన ఎర్నెస్ట్ హోమ్స్ 1916లో మోటారు కారుపై స్తంభములు, కప్పి, గొలుసు అమర్చి ఇట్టి బండికి రూపమిచ్చెను. నేడు సుచిత్ర కూడలి మీదుగా మేడ్చల్ వైపు సాగే 44వ జాతీయ రహదారిపై రాత్రింబవళ్ళు లారీలు, బస్సులు నడుచుచున్నవి. ఇట్టి దారి మధ్య అర్ధరాత్రి ఇరుసు విరిగి ఒక లారీ ఆగిపోయినచో, వెనుక వచ్చు వారికి అది చీకటిలో గోడ వంటిది. ఆ క్షణమున సాయము చేయవలసిన బండియే స్టార్టు కాకున్నచో ఫలితమేమి?

కావున ఈ బండిని దాచిపెట్టుట వేరు, సిద్ధముగా ఉంచుట వేరు. ప్రదర్శనకు ఉంచిన పాత కారుకు బ్యాటరీ తీసివేసి, చక్రములను నేలకు తగలనీయక ఎత్తి ఉంచవచ్చును. పిలిచిన వెంటనే కదలవలసిన బండికి ఆ పద్ధతి పనికిరాదు. దానికి క్రమమైన కదలికయే ఔషధము.

మొదటిది బ్యాటరీ. వాడకపోయినను అది తనంతట తాను బలహీనపడును. వేసవి వేడిమికి మరింత త్వరగా క్షీణించును. పూర్తిగా ఛార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపవలెను. చాలాకాలము ఛార్జి లేకున్నచో సీసపు పలకలపై సల్ఫేటు గట్టిపడి, తిరిగి కోలుకొనదు.

రెండవది ఇంజను. నిలిచినచోటనే ఐదు నిమిషములు తిప్పి ఆపుట మేలుకన్న కీడే చేయును. ఇంజను పూర్తిగా వేడెక్కనందున లోపల ఏర్పడిన నీటి ఆవిరి ఆయిలులో కలియును. రెండు వారములకొకసారి అరగంటసేపు రోడ్డుపై నడుపవలెను. సుచిత్ర నుండి మేడ్చల్ వరకు పోయి వచ్చుట ఇందుకు చాలును. ఈ నడకవలన బ్రేకు డ్రమ్ముల తుప్పు రాలును. టైర్లు ఒకే చోట నొక్కుకొని ఉండవు.

మూడవది డీజిలు. సగము ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలిలోని తేమ నీరై అడుగున చేరును. ఆ నీటిలో సూక్ష్మజీవులు పెరిగి, జిగురువలె ఫిల్టరును మూసివేయును. వానాకాలములో ట్యాంకును నిండుగా ఉంచి, ఫిల్టరు అడుగున చేరిన నీటిని తీసివేయుచుండవలెను. గాలి బ్రేకులున్న లారీలో గాలి ట్యాంకులందలి నీటిని కూడా వదలవలెను.

నాలుగవది, అతి ముఖ్యమైనది, ఎత్తు సాధనము. ఇనుప తాడును నెలకొకసారి పూర్తిగా విప్పి, తెగిన పోగులున్నవేమో చూచి, నూనె రాసి, కొద్ది బరువుతో బిగుతుగా చుట్టవలెను. వదులుగా చుట్టిన తాడు బరువు పడినప్పుడు కింది వరుసలలో ఇరుక్కొనును. హైడ్రాలిక్ కడ్డీలను పని లేనప్పుడు లోనికి ముడిచి ఉంచినచో వాటి నునుపుపై తుప్పు చేరదు.

ఇవికాక, నిలిచిన బండిలో ఎలుకలు వైర్లను కొరుకును. ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ గడువులు సైతము మరుగునపడును. కావున ఒక నోటుపుస్తకములో తేదీ, చేసిన పని, చూచినవారి సంతకము వ్రాసి ఉంచుట అవసరము. జ్ఞాపకము మోసగించవచ్చును, వ్రాత మోసగించదు.

ఉర్దూలో 'అమానత్' అను మాట కలదు. ఒకరు నమ్మి మనకు అప్పగించిన సొత్తు అని దాని భావము. ఈ బండి అట్టిది. యజమాని ఎవరైనను, రోడ్డుపై చిక్కుకొన్న అపరిచితుని నమ్మకము దానిపై ఉన్నది. చదువు ముగించి వర్క్‌షాపులలో, కార్ఖానాలలో, కార్యాలయములలో చేరబోవు మన విద్యార్థుల చేతికి అగ్నిమాపక యంత్రము, జనరేటరు, అంబులెన్సు వంటివి రావచ్చును. ఎవరును చూడని దినమున వాటిని తుడిచి, తిప్పి, పరీక్షించుటయే నిజమైన ఉద్యోగధర్మమని మా విశ్వాసము.