చెరకు ఆకుకు పేడ తోడు



వడ్డాది పరిసరాలలో చెరకు నరికాక ఎండుటాకును మడిలోనే తగులబెట్టే అలవాటు ఉన్నది. అదే రైతు పెరటిలో పేడకుప్ప ఎండకు ఎండి, సారం కోల్పోతుంటుంది. ఆపైన యూరియాకు డబ్బు వెతుక్కోవాలి. సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము తరచు చూసేది ఇదే.

ఆకు తనంతట తాను చివకదు. కంటికి కానరాని సూక్ష్మజీవులు దానిని తిని అరిగిస్తాయి. పాలు తోడుకొనుట సభ్యులకు తెలిసినదే. పెరుగును కదపకూడదు, అందులోని జీవులకు గాలితో పని లేదు. ఎరువుకుప్పలోని జీవులకు గాలి కావలెను. గాలి ఆడని కుప్ప దుర్వాసన కొడుతుంది.

మొదట మామూలు బాక్టీరియా ఆకులోని చక్కెరలను, పిండిపదార్థాలను తింటాయి. ఆ పనిలో వేడి పుట్టి, కొద్ది రోజులలోనే కుప్ప నడుమ 55 నుండి 65 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరుతుంది. అప్పుడు వేడికి ఓర్చే బాక్టీరియా పని అందుకుంటాయి. కలుపు గింజలు చాలావరకు ఈ వేడికే చస్తాయి. అంచులలోనివి చావవు గనుక, తిరగవేసేటప్పుడు అంచు సరుకును లోపలికి వేయవలెను. కుప్ప చల్లబడ్డాక బూజులు, ఆక్టినోమైసిటీస్ అనే జీవులు గట్టి పీచును పట్టుకుంటాయి. మాగిన గత్తానికి తొలకరి మట్టి వాసన ఈ ఆక్టినోమైసిటీస్ వలననే వస్తుంది.

అసలు చిక్కు నత్రజనితో. సూక్ష్మజీవులకు సుమారు 30 పాళ్ళ కర్బనానికి 1 పాలు నత్రజని కావలెను. చెరకు ఎండుటాకులో 1 పాలు నత్రజనికి కర్బనం 100 పాళ్ళ దాకా ఉంటుంది. అందుకే ఒట్టి ఆకుకుప్ప నెలల తరబడి అట్లే పడి ఉంటుంది. చివకని ఆకును దున్నితే ఆ జీవులు నేలలోని నత్రజనిని లాగుకొని, పైరు పసుపుబారుతుంది. ఈ లోటు పేడ కొంత తీర్చును. అయితే పశువు విసర్జించే నత్రజనిలో సుమారు సగం మూత్రంలోనే ఉంటుంది. దానిని కాలువలోకి వదిలేవారే ఎక్కువ! ఇండోరులో ఆల్బర్ట్ హోవర్డ్ 1924–31 మధ్య రూపొందించిన పద్ధతిలోనూ మూత్రంతో తడిసిన శాల మట్టిని పొరలలో వాడారు.

జానెడు ఆకు, దానిపై పేడనీళ్ళు, ఆపైన శాల మట్టి. ఇట్లు నాలుగైదు అడుగుల ఎత్తు పేర్చవలెను. పిడికిట పిండితే చెమ్మ తగలాలి, నీరు ధారగా కారరాదు. మూడు వారాలకొకసారి తిరగవేయాలి. కొబ్బరి చెట్లున్నవారు అప్పుడు కనబడే కొమ్ముపురుగు పిల్లలను ఏరి చంపవలెను. పేడకుప్పలే వాటి పుట్టిల్లు. కుప్పలో గుచ్చిన ఇనుప ఊచ కాసేపటికి తీస్తే చల్లగా ఉండి, ఆకు వేళ్ళ మధ్య నలిగి నల్లని పొడి అయితే, గత్తం మడికి తోలవచ్చును.