కుక్కలకు పెట్టదగిన పండ్లు, పెట్టదగనివి

రహమత్ నగర్ సందులలో పండ్లబండి నిలిచినచోటికి పిల్లలును కుక్కలును కలసియే చేరుట మనము చూచుచున్నాము. తాను తినుచున్న దానిలో ఒక ముక్క కుక్కకు వేయుట దయాగుణమే. కాని మనకు హితమైన ఫలమెల్ల దానికిని హితమని యెంచరాదు.

మొదట ద్రాక్షను గూర్చి చెప్పవలయును. హైదరాబాదు పరిసరములు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు పేరొందినవి. అట్టి మధురఫలము కుక్కకు విషమగునని యెవరు తలంతురు? తిన్న యొకనాటిలోపల వాంతులు పుట్టును. పిమ్మట రెండు మూడు దినములలో మూత్రపిండములు చెడి, మూత్రము తగ్గి, ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును. అన్నిటికిని ఇట్లు కాదు. ఒక కుక్క గుప్పెడు తినియు బ్రదుకును, వేరొకటి కొలదిగా తినియే చచ్చును. కావున ఇంతవరకు పెట్టవచ్చునను కొలత లేదు. ఎండుద్రాక్షయు నట్టిదే. క్రిస్మసు కేకులో కిస్‌మిస్ విస్తారముగా నుండును గదా!

ఈ విషమేదియో చాలకాలము తెలియలేదు. ఇంట పిండితో కలిపిన ఆటముద్దను తిన్న కుక్కకు ఇవే లక్షణములు కలుగగా, ఆ ముద్దలో టార్టారిక్ ఆమ్లపు లవణమున్నట్లు అమెరికా పశువైద్యులు కొందరు గమనించి, ద్రాక్షలోని ఆ యామ్లమే కారణమై యుండునని 2021లో సూచించిరి. చింతపండు తిన్న కుక్కలకును ఇట్టి హానియే కలిగినట్లు 2022లో ప్రకటింపబడినది. చింతపండు పులుపునకు ముఖ్యకారణము ఆ యామ్లమే. అమెరికాలో చింతపండు అరుదు. మన యిండ్లలో అది లేని పూట అరుదు. అందుచేత ఈ సంగతి వారికంటె మనకే యెక్కువ ముఖ్యమని మా యభిప్రాయము.

ఉత్త చింతపండును కుక్క సాధారణముగా ముట్టదు. బెల్లము కలిపి దంచి పుల్లకు గ్రుచ్చిన యుండ యైనచో నాకుటకు ఎగబడును. మధ్యాహ్న విరామమున మిగిలిన పులిహోరను, పులుసన్నమును కుక్కలకు వేయు బాలురు కలరు. ఉల్లిపాయల పులుసు ఇంకను చెడ్డది. ఉల్లి కుక్క రక్తకణములను నశింపజేయును. ఉత్త యన్నము వేసిన చాలును.

అరటి, బొప్పాయి, గింజలు తీసిన పుచ్చకాయ కొంచెముగా పెట్టవచ్చును. మామిడి గుజ్జు మంచిదే, టెంక మ్రింగినచో ప్రేగులో అడ్డుపడును. సీతాఫలపు గింజలు పేలను చంపుటకు వాడునవి, వాటిని అందనీయకూడదు.

కుక్క ద్రాక్ష తిన్నదని తెలిసిన వెంటనే, వాంతులకై వేచియుండక, పశువైద్యునియొద్దకు కొనిపోవలయును. ఇంటిలో ఉప్పునీరు త్రాగించుట మరియొక అపాయము. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల కలదు. ఏమి తిన్నది, ఎంత తిన్నది, ఏ వేళ తిన్నది అను మూడు సంగతులు కాగితముపై వ్రాసికొని పోవుడు; వైద్యుడు మొదట అడుగునవి యవియే.