సన్నగా ఉన్న బాబుని లావు చేయాలా?

ప్రశ్న: మా బాబు 2.3 కిలోలతో పుట్టాడు. ఇప్పుడు నాలుగేళ్లు, సన్నగానే ఉన్నాడు. మావారికి, మామగారికి షుగరు ఉంది. బాబుకీ వస్తుందా? బాగా తినిపించి లావు చేయమంటున్నారు మా అత్తగారు.

జవాబు: అమ్మా, వస్తుందని ఎవరూ ముందే చెప్పలేరు. అవకాశం మాత్రం కొంత ఎక్కువే.

కడుపులో బిడ్డ ఎదగడానికి ఇన్సులిన్ కావాలి. తల్లి ఇన్సులిన్ మాయ దాటి రాదు, బిడ్డే తయారుచేసుకోవాలి. ఆ తయారీని తగ్గించే జన్యువులు తండ్రి నుంచి వస్తే బిడ్డ చిన్నగా పుట్టవచ్చు, పెద్దయ్యాక షుగరూ రావచ్చు. బ్రిటన్‌లో ఆండ్రూ హాటర్స్‌లీ బృందం 1998లో గ్లూకోకైనేజ్ జన్యువు విషయంలో దీన్ని చూపించింది. ఆ జన్యువులో లోపం వచ్చిన బిడ్డల బరువు అర కిలో దాకా తగ్గింది. ఇది అరుదైన లోపం. మామూలు షుగరులో ఎన్నో జన్యువులు తలా కొంచెం పనిచేస్తాయి. పైగా తల్లి పోషణ, రక్తహీనత, నెలలు నిండకపోవడం కూడా బరువు తగ్గిస్తాయి. కాబట్టి తప్పు ఏ వంశానిదీ కాదు.

నన్ను కలవరపెడుతున్నది మీ అత్తగారి సలహా. ఢిల్లీలో 1492 మందిని పుట్టినప్పటి నుంచి పెద్దయ్యేదాకా గమనించి 2004లో ఫలితాలు ప్రచురించారు. పసితనంలో సన్నగా ఉండి, రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్య ఎత్తుకి మించి బరువు పెరుగుతూ పోయినవారిలోనే షుగరు ఎక్కువగా కనిపించింది. మీ బాబు ఇప్పుడు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాడు. ఆకలి మేరకు పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూరలు పెట్టండి. కొసరి కొసరి తినిపించకండి. బాగా ఆడుకోనివ్వండి. జన్యు పరీక్ష అవసరం లేదు. ఆరు నెలలకోసారి పిల్లల డాక్టరు దగ్గర ఎత్తు, బరువు రెండూ చార్టులో వేయించండి.