సరుకు లేని దుకాణం: దాతలు చూడవలసిన లెక్క



స్వయం ఉపాధి సాయం కోరుతూ వచ్చే దరఖాస్తుల తీరు కొంతకాలంగా మారుతోంది. కుట్టుమిషను, తోపుడుబండి, ఇస్త్రీ పెట్టె, ఆటోకు మొదటి వాయిదా... వీటి మధ్య ఇప్పుడు కొత్త మాట ఒకటి కనిపిస్తోంది: “ఆన్‌లైన్‌లో టీషర్టులు, కప్పులు ప్రింటు వేయించి అమ్ముతాను, ల్యాప్‌టాప్ ఇప్పించండి.” డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కుర్రాడు రాస్తాడు. భర్త పోయి, ఇద్దత్ ముగిసి, పిల్లల్ని వదిలి బయటికి వెళ్ళలేని చెల్లెలు రాస్తుంది. సరుకు కొనకుండా దుకాణమేమిటని కొందరు దాతలు ఆ కాగితం పక్కన పెడతారు. కంప్యూటరు పని కదా, మంచిదేనని ఇంకొందరు అడిగినంతా ఇస్తారు. రెండూ తొందరపాటే. ఈ వ్యాపారంలో డబ్బు ఎక్కడ మిగులుతుందో, ఎక్కడ కారిపోతుందో తెలిస్తే, సాయం దేనికి ఇవ్వాలో కూడా తెలుస్తుంది.

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్ళి కార్డులు వేయించినవారికి ఒక సంగతి అనుభవమే. మూడు వందల కార్డులకూ ఐదు వందల కార్డులకూ మొత్తం ధరలో పెద్ద తేడా ఉండదు. పదే కార్డులు కావాలంటే మాత్రం ఒక్కో కార్డు ఖరీదు చుక్కలు చూపిస్తుంది. అచ్చుకు సిద్ధం చేసే ఖర్చు పది కార్డులకైనా అంతే, వెయ్యి కార్డులకైనా అంతే. బట్టల మీద స్క్రీన్ ప్రింటింగు కూడా ఇలాంటిదే. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీను తయారు చేయాలి. నాలుగు రంగుల బొమ్మకు నాలుగు స్క్రీన్లు. వంద చొక్కాలు వేస్తే ఆ ఖర్చు వంద మీదా సర్దుకుంటుంది. ఒక్కటే వేస్తే అంతా దాని మీదే పడుతుంది.

కంప్యూటరు నుంచి నేరుగా బట్ట మీద ముద్రించే యంత్రాలు వచ్చాక ఈ లెక్క మారింది. ఒక్క చొక్కా అయినా వేయవచ్చు. అమెరికాలో కేఫ్‌ప్రెస్ 1999లోనే ఈ పద్ధతిలో అమ్మకాలు మొదలుపెట్టింది. ఆస్ట్రేలియాలో రెడ్‌బబుల్ 2006లో వచ్చింది. అమెజాన్ 2015లో ఇదే బాట పట్టింది. మన దేశంలోనూ ఇప్పుడు ఈ సేవ దొరుకుతోంది. పని జరిగే తీరు ఇది: అమ్మే మనిషి తన డిజైన్లను ఆన్‌లైన్ దుకాణంలో పెడతాడు. కొనుగోలుదారు ఆర్డరిస్తాడు. ఆ ఆర్డరు ముద్రించే సంస్థకు చేరుతుంది. వాళ్ళే ప్రింటు వేసి, ప్యాక్ చేసి, కొరియరులో పంపుతారు. అమ్మిన మనిషి ఆ చొక్కాను కంటితో కూడా చూడడు. ఈ వ్యాపారంలోని సుఖం అదే. కష్టం కూడా అక్కడే మొదలవుతుంది.

చూడని సరుకుకు పూచీ పడాలంటే ముద్రణ గురించి కొంత తెలిసి ఉండాలి. నూలు బట్ట మీద నేరుగా సిరాతో వేసే పద్ధతి ఒకటి ఉంది. ముదురు రంగు చొక్కా అయితే కింద తెల్ల సిరా పొర వేయాల్సి వస్తుంది కాబట్టి ఖర్చు పెరుగుతుంది. ఫిల్మ్ మీద ముద్రించి వేడితో అతికించేది ఇంకొకటి. ఇది చాలా రకాల బట్టల మీద నిలుస్తుంది కానీ, సరిగా నొక్కకపోతే ఉతుకుల్లో పగుళ్ళిస్తుంది. కప్పులకు వాడేది సబ్లిమేషన్. కాగితం మీద ముద్రించిన సిరా, సుమారు 200 డిగ్రీల వేడికి ఆవిరై పాలిమర్ పూతలోకి ఇంకుతుంది. ఇదే పద్ధతి పాలియెస్టర్ బట్టకు పనికొస్తుంది, నూలుకు పనికిరాదు. లేత రంగు మీదే కనిపిస్తుంది. దరఖాస్తు పెట్టిన వారిని “నల్ల నూలు చొక్కా మీద సబ్లిమేషన్ ఎందుకు వేయరు?” అని అడిగి చూడండి. జవాబు చెప్పగలిగితే కొంత పని నేర్చుకున్నట్టే.

ఇక లెక్క. సులువుగా అర్థమవడానికి ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు ఊరిని బట్టి, సంస్థను బట్టి మారతాయి. పన్ను ప్రస్తుతానికి పక్కన పెడదాం.

టీషర్టు అమ్మకం ధర 499 రూపాయలు. ముద్రించే సంస్థ చొక్కాకు, ప్రింటుకు కలిపి 250 తీసుకుంటుంది. ప్యాకింగుకు 10, కొరియరుకు 70. అంటే 330. కొనేవారు ముందే ఆన్‌లైన్‌లో చెల్లిస్తే, ఆ చెల్లింపు సేవకు సుమారు 12 రూపాయలు పోతాయి. మిగిలేది 157. పది చొక్కాలకు 1,570. దరఖాస్తులో రాసే లాభం సాధారణంగా ఇదే. నెలకు వంద చొక్కాలు, పదిహేను వేలు అని రాస్తారు.

కానీ కొనేవారు ఎలా వస్తారు? కొత్త దుకాణం ఉందని ఎవరికి తెలుసు? ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ప్రకటన ఇవ్వాలి. ఒక్కో ఆర్డరుకు ప్రకటన ఖర్చు 100 రూపాయలు పడిందనుకుందాం. పది చొక్కాల మీద మిగులు 1,570 నుంచి 570కి దిగింది.

అసలు దెబ్బ ఇంకా రాలేదు. మన దగ్గర చాలామంది సరుకు ఇంటికొచ్చాకే డబ్బిస్తామంటారు. కొరియరు అబ్బాయి తలుపు తట్టేసరికి మనసు మారుతుంది, లేదా ఫోను ఎత్తరు. పార్సెలు వెనక్కి వస్తుంది. మామూలు దుకాణమైతే తిరిగొచ్చిన చొక్కాను మళ్ళీ అలమరలో పెట్టి ఇంకొకరికి అమ్ముతుంది. పేరు రాయించిన చొక్కాను ఎవరికి అమ్ముతారు? పది ఆర్డర్లలో రెండు తిరిగొచ్చాయనుకుందాం. చేతికొచ్చేది ఎనిమిది చొక్కాల డబ్బు, 3,992. పది చొక్కాల ఖర్చు 3,300. రెండు పార్సెళ్ళ తిరుగు ప్రయాణానికి 140. ప్రకటనలకు 1,000. మొత్తం 4,440. అంటే పది ఆర్డర్లు వచ్చిన ఆనందంలో 448 రూపాయలు పోయాయి. డబ్బు వసూలు చేసినందుకు కొరియరు తీసుకునే అదనపు రుసుము ఇందులో కలపలేదు.

ఆర్డర్లు పెరిగినకొద్దీ నష్టం పెరిగే వ్యాపారం ఇదొక్కటే కాకపోవచ్చు గానీ, ఇంత నిశ్శబ్దంగా పెరిగేవి తక్కువ. ఫోనులో మాత్రం ‘కొత్త ఆర్డరు వచ్చింది’ అని గంట మోగుతూనే ఉంటుంది. సాయం తీసుకున్న కుటుంబం మూడు నెలలకే అప్పులోకి జారేది ఇలాంటి చోటే.

ఇంకో చిక్కు. ముద్రించే సంస్థకు డబ్బు ముందే కట్టాలి. కొనేవారి డబ్బు కొరియరు ద్వారా చేతికి రావడానికి రోజులు పడుతుంది. ఈ మధ్యకాలం గడవడానికి చేతిలో పైకం కావాలి. ‘పెట్టుబడి అక్కర్లేని వ్యాపారం’ అన్న ప్రచారంలో ఈ మాట ఉండదు. సరుకు కొనడానికి పెట్టుబడి అక్కర్లేదు, నిజమే. డబ్బు తిరిగొచ్చేదాకా ఆగడానికి కావాలి.

మరి ఇందులో బాగుపడేదెలా? ముక్కూ మొహం తెలియని లక్షమందికి ప్రకటన ఇవ్వడం మాని, తెలిసిన వందమందితో మొదలుపెట్టడం మేలని మా అభిప్రాయం. పాత విద్యార్థుల కలయిక, మొహల్లా క్రికెట్ జట్టు, ఆస్పత్రి నర్సుల బృందం, కుటుంబ దావత్... వీళ్ళు ముందే డబ్బిస్తారు, వెనక్కి పంపరు, ప్రకటన ఖర్చు ఉండదు. ఒకే డిజైన్‌తో యాభై, వంద చొక్కాల ఆర్డరు వస్తే ఈ పద్ధతి వదిలేసి ఊళ్ళోని స్క్రీన్ ప్రింటింగు షాపుకు వెళ్ళాలి. ఒక్కో చొక్కా ఖర్చు తగ్గుతుంది. ఒక్కొక్కటి వేయడం డిజైన్‌ను పరీక్షించడానికి, విడి ఆర్డర్లకు. ఎక్కువ వేయడం లాభానికి. ఈ రెండింటి మధ్య మారడం తెలిసినవారే నిలబడతారు.

డిజైన్ సంగతిలో మనవారికి ఒక బలం ఉంది. మెహందీ పెట్టే ఆడపిల్లల చేతిలో ఉన్న తీగలు, ఆకులు, మామిడి పిందెలు గుడ్డ సంచి మీద ఎంతో అందంగా వస్తాయి. కాగితం మీద గీసి స్కాన్ చేస్తే చాలు. అయితే 12 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు ముద్రణకు 3,600, 4,800 పిక్సెళ్ళ బొమ్మ ఉండాలి, అంటే అంగుళానికి 300. వాట్సాప్‌లో తిరిగిన బొమ్మను పెద్దది చేస్తే మసకే మిగులుతుంది.

తెలుగు, ఉర్దూ అక్షరాలతో మరింత జాగ్రత్త కావాలి. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో తగిన అమరిక ఎంచుకోకపోతే తెలుగు వత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఉర్దూ అక్షరాలు కలవకుండా, ఎడమ నుంచి కుడికి తిరగబడి వస్తాయి. ముద్రించే సంస్థ వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడ చదివి పట్టుకునేవారు ఉండరు. అందుకే అక్షరాలను అక్షరాలుగా కాక, బొమ్మగా మార్చి పంపాలి. ఫాంట్‌కు కూడా హక్కులుంటాయి. రామభద్ర, మండలి, సురన్న, ధూర్జటి వంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతున్నాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు.

హక్కుల మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త గట్టిగానే చెప్పాలి. కుర్రాళ్ళకు మొదట తోచే డిజైను సినిమా హీరో ముఖం, క్రికెట్ జట్టు గుర్తు. రెండూ పరాయి సొత్తే. 1957 నాటి కాపీరైట్ చట్టం కింద, తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ప్రసిద్ధుల ముఖం, పేరు వాడుకోవడం మీదా కోర్టులు కఠినంగా ఉన్నాయి. నటుడు అనిల్ కపూర్ పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వ్యాపారానికి వాడరాదని ఢిల్లీ హైకోర్టు 2023 సెప్టెంబరులో ఉత్తర్వులిచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ నమూనాను చొక్కా మీద అచ్చువేసి పోచంపల్లి పేరుతో అమ్మితే చట్టంతో పేచీయే కాక, మగ్గం మీద బతికేవారి కూడు లాక్కోవడమూ అవుతుంది. దాతల సొమ్ముతో నడిచే దుకాణానికి ఇది అసలు తగదు.

పన్నుల సంగతి క్లుప్తంగా. 2025 సెప్టెంబరు 22 నుంచి, 2,500 రూపాయల వరకు ధర గల దుస్తులపై జి.ఎస్.టి. 5 శాతం. వస్తువులు అమ్మేవారికి రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల అమ్మకాలు, తెలంగాణలో 20 లక్షలు. అయితే సరుకును వేరే రాష్ట్రానికి అమ్మేవారికి ఈ వెసులుబాటు లేదు, మొదటి ఆర్డరు నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. ముద్రణ తిరుప్పూరులో, దుకాణం గుంటూరులో ఉన్నప్పుడు లెక్క ఎలా రాయాలో మొదలుపెట్టకముందే ఒక ఆడిటర్‌ను అడగడం మంచిది.

దాతల్లో చాలామందికి ఇంకో సందేహం ఉంటుంది. చేతిలో లేని సరుకును అమ్మవద్దన్న దైవప్రవక్త (స) బోధ తెలిసినదే కదా, మరి ఇది ధర్మసమ్మతమేనా అని. ఫిఖ్‌లో ‘ఇస్తిస్నా’ అనే ఒప్పందం ఉంది. వస్తువు రకం, కొలత, ధర ముందే స్పష్టంగా నిర్ణయించుకుని తయారు చేయించి ఇవ్వడం అది. హనఫీ పండితులు దీన్ని అనుమతించారు. ఆర్డరు వచ్చాక ముద్రించే వ్యాపారాన్ని ఈ పద్ధతిలో నడపవచ్చా, దానికి షరతులేమిటి అన్నది మీ ఊరి ఉలమాను అడిగి తెలుసుకోండి. ఒకటి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు: బట్ట రకం, కొలతల పట్టిక, ఎన్ని రోజుల్లో చేరుతుంది, ఏ పరిస్థితిలో డబ్బు తిరిగిస్తారు, ఇవన్నీ కొనేవారికి ముందే కనిపించాలి. పవిత్ర వాక్యాలను చొక్కాల మీద, కప్పుల మీద వేయడం మాకు సమ్మతం కాదు. చొక్కా చాకిరేవుకు పోతుంది, కప్పు పగిలి చెత్తబుట్టలో పడుతుంది.

ఇప్పుడు సాయం సంగతి. ఈ వ్యాపారానికి ల్యాప్‌టాప్ మొదటి అవసరం కాదు. మొదట్లో అవసరమైన పని చాలామటుకు ఇంట్లో ఉన్న ఫోనులో అవుతుంది, మిగతాది ఇంటర్నెట్ సెంటరులో గంటకింత ఇచ్చి చేసుకోవచ్చు. మొదట కావలసినవి నమూనాలు. అమ్మదలచిన ఆరు రకాలు ఒక్కొక్కటి తెప్పించుకోవాలి. పై ఉదాహరణ ధరల ప్రకారం సుమారు 2,000 రూపాయలు. వాటిని పదిసార్లు ఉతికి, తిరగేసి, సాగదీసి చూడాలి. రంగు దిగినది, పగిలినది జాబితా నుంచి తీసేయాలి. రెండోది, ముద్రించే సంస్థ దగ్గర ఉంచే పైకం. ఇరవై ఆర్డర్లకు 6,600. రెండూ కలిపి 8,600. ఆడిటరు రుసుము వేరు. కొత్త ల్యాప్‌టాప్ ఖరీదులో ఇది చిన్న భాగం.

ఈ మొత్తాన్ని ఒకేసారి చేతికివ్వకుండా, నమూనాల డబ్బు ముందు, వాటిని కళ్ళారా చూశాక మిగతాది ఇవ్వండి. నెలనెలా ఒక్క కాగితం అడగండి. ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, ఎన్ని తిరిగొచ్చాయి, ప్రకటనలకు ఎంత పోయింది, చేతిలో ఎంత మిగిలింది. తిరిగొచ్చినవి పదిలో ఒకటి దాటితే, ముందుగా చెల్లించేవారికి మాత్రమే అమ్మమని చెప్పండి. మూడు నెలల కాగితాలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు చివరి గడిలో అంకె పెరుగుతూ ఉంటే, అప్పుడు ల్యాప్‌టాప్ సంగతి మాట్లాడవచ్చు.