మనస్తత్వ శాస్త్రం – మన నిత్యజీవితం

మనస్తత్వ శాస్త్రం అంటే పిచ్చాసుపత్రికి సంబంధించిన చదువని మన ఊళ్లలో చాలామంది అనుకుంటారు. ఇది అపోహ. మనిషి ఎలా నేర్చుకుంటాడు, ఎందుకు మరచిపోతాడు, ఏ పరిస్థితుల్లో రాణిస్తాడు అన్న ప్రశ్నలకు ప్రయోగాల ద్వారా సమాధానం వెదికే శాస్త్రమిది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం పల్లెల నుంచి హాస్టళ్లకు వచ్చి చదువుకునే మనకు ఇది ఎలా ఉపయోగపడుతుందో మూడు ఉదాహరణలతో తెలుసుకుందాం.

1. జ్ఞాపకశక్తి: 2006లో అమెరికా పరిశోధకులు రోడిగర్, కార్పికీ విద్యార్థులపై ఒక ప్రయోగం చేశారు. ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ముందున్నారు. వారం తరువాత పెట్టిన పరీక్షలో మాత్రం, చూడకుండా గుర్తున్నది రాసినవారే ముందున్నారు. పలకలకు పేరుపొందిన ప్రాంతం మనది. పలక మీద చూడకుండా రాసి, తుడిచి, మళ్లీ రాసే చిన్ననాటి పద్ధతి పెద్ద చదువులకూ పనికివస్తుందన్నమాట.

2. పట్టుదల: హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్‌క్లెలాండ్ ఆధ్వర్యంలో 1964లో కాకినాడ చిన్న వ్యాపారులకు హైదరాబాదులో కొద్ది రోజుల శిక్షణ ఇచ్చారు. అందుకోగలిగిన లక్ష్యం పెట్టుకోవడం, ఫలితాన్ని సరిచూసుకోవడం అందులో నేర్పారు. తరువాతి సంవత్సరాల్లో శిక్షణ పొందినవారు, పొందనివారి కంటే ఎక్కువగా కొత్త వ్యాపారాలు ప్రారంభించారు, ఎక్కువమందికి పని కల్పించారు. పట్టుదల పుట్టుకతోనే రానక్కరలేదని, నేర్చుకోవచ్చని దీనివల్ల తెలుస్తోంది.

3. ఆత్మవిశ్వాసం: కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో బడి పిల్లలకు చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. ఫలితాలు 2004లో వెలువడ్డాయి. కులం ప్రస్తావన లేనప్పుడు దళిత పిల్లలు, అగ్రకులాల పిల్లలు దాదాపు సమానంగా పూర్తి చేశారు. అందరి ముందు కులం చదివినప్పుడు మాత్రం దళిత పిల్లల ఫలితం పడిపోయింది. తెలివి తగ్గలేదు. మారింది ఆ ఒక్క మాటే.

ఇటువంటి పరిశోధన చట్టాన్ని కూడా కదిలించగలదు. 1954లో అమెరికా సుప్రీంకోర్టు నల్లజాతి పిల్లలకు వేరు బడులు చెల్లవని తీర్పునిస్తూ, మనస్తత్వ శాస్త్రవేత్త కెన్నెత్ క్లార్క్ పరిశోధనను పేర్కొంది.

తమ్ముళ్లారా! "వీడికి బుర్ర లేదు" అన్న మాట వింటే కుంగిపోవద్దు. ఈ రాత్రి స్టడీ అవర్‌లో పుస్తకం మూసి, గుర్తున్నది రాసి చూడండి. ఉపాధ్యాయులుగా, ఉద్యోగులుగా ఉన్న మన హాస్టల్ పూర్వ విద్యార్థులకు మా విన్నపం ఒక్కటే. స్కాలర్‌షిప్ ఫారాలు ఇచ్చేటప్పుడు "ఎస్సీలు లేవండి" అని తరగతిలో నిలబెట్టడం మనలో చాలామందికి తెలిసిన అనుభవమే. ఫారాలు పేరు పెట్టి పిలిచి విడిగా ఇవ్వండి. దానికి ఖర్చు లేదు, జీ.వో. అక్కరలేదు. ఒక పిల్లవాడి పరీక్షాఫలితం మాత్రం దానివల్ల మారవచ్చు.